వాడికి తెలుసా?

కొన్నేళ్ల కిందటి మాట. మే నెల. గుంటూరు జిల్లాలోని ఒక పల్లెలో పిల్లలకు వి.బి.యస్. తరగతులు జరుగుతున్నాయి. మిరప కోతలు అయిపోయాయి. కల్లాల్లో ఎండిన కాయలు కొన్ని యార్డుకు, కొన్ని కోల్డ్ స్టోరేజీకి వెళ్లిపోయాయి. పత్తి కట్టె పీకేసిన నల్లరేగడి చేలు నెర్రెలు విచ్చి ఉన్నాయి. ఎండకు పిల్లల్ని బయటికి పంపలేక, వాక్యం చెప్పడానికి వెళ్లిన నాతో సహా పెద్దలమంతా చర్చిలోనే వారితో గడిపాం. చివరి రోజు సాయంత్రం చర్చి గోడకు తెల్ల దుప్పటి కట్టి సినిమా వేశారు. అది నార్నియా సినిమా.

మంచు అంటే సోడా బండి మీద ఐసుగడ్డే తప్ప మరొకటి తెలియని పిల్లలు ఆ తెల్లటి అడవిని చూసి నోళ్లు తెరిచారు. మాటలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి. సండే స్కూలు టీచరమ్మ ఒకరు మైకు పట్టుకుని, సీను సీనుకూ తెలుగులో కథ చెబుతూ వచ్చారు. సింహాన్ని కట్టేసి, జూలు గొరిగి, బల్ల మీద పొడిచినప్పుడు చర్చి అంతా నిశ్శబ్దమైపోయింది. సింహం తిరిగి లేచినప్పుడు చప్పట్లు మోగాయి.

సినిమా అయ్యాక పన్నెండేళ్ల పిల్లవాడొకడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఆ సింహం తన కోసమే చచ్చిపోయిందని ఆ పిల్లోడికి తెలుసా?"

"తెలిసే ఉంటుందిలే" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

నేను జవాబు వెతుక్కుంటుంటే వాడే నెమ్మదిగా అన్నాడు. "మా అన్నకు తెలవదు."

కాస్త బుజ్జగించి అడిగితే సంగతి బయటపడింది. వాడి అన్న పట్నంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కట్టమని ఇంటి నుంచి పంపిన ఫీజు డబ్బు ఒక ఏడాది వేరే సరదాలకు ఖర్చయిపోయింది. కాలేజీ నుంచి కబురొస్తే తండ్రి అరెకరం అమ్మి మళ్లీ కట్టాడు. కొడుకుతో మాత్రం "ఈ ఏడు మిరపకు మంచి రేటు పలికిందిరా" అన్నాడు. "అన్నకు చెప్పమాకు, తెలిస్తే తట్టుకోలేడు" అని తల్లి వీడి చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు బరువు మోస్తున్న పిల్లవాడు, తెర మీద ఎడ్మండ్‌ను చూసి అడిగిన ప్రశ్న అది.

ఇంటికొచ్చి ఆ పుస్తకం మళ్లీ తీశాను. పిల్లవాడి ప్రశ్న అక్షరాలా అందులో ఉంది. సినిమాలో మాత్రం లేదు. పుస్తకానికీ సినిమాకూ ఉన్న తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, ఇప్పుడు నేను ముందు చెప్పేది ఇదే.

కట్టుకథ కాదా?

నార్నియా కథలు రాసిన సి.ఎస్. లూయిస్ 1898లో ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లోనూ, తర్వాత కేంబ్రిడ్జిలోనూ ఇంగ్లిష్ సాహిత్యం బోధించాడు. యవ్వనంలో దేవుడు లేడన్నాడు. 1931లో క్రీస్తును నమ్మాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో లండన్ నుంచి పంపేసిన పిల్లలు కొందరు ఆయన ఇంట తలదాచుకున్నారు. అలాంటి నలుగురు తోబుట్టువులు ఒక పెద్దాయన ఇంట్లో బీరువాలో దూరి మరో లోకంలోకి వెళ్లడమే మొదటి పుస్తకం 'ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్' కథ. అది 1950లో వచ్చింది. 1956 నాటికి మొత్తం ఏడు పుస్తకాలు పూర్తయ్యాయి. లూయిస్ 1963లో కన్నుమూశాడు.

మన సంఘాల్లో కొందరికి ఈ పుస్తకమంటే అనుమానం. మంత్రగత్తె, మాట్లాడే జంతువులు, మాయలు, ఇవన్నీ విశ్వాసుల పిల్లలకు ఎందుకని అడుగుతారు. కల్పిత కథల గురించి పౌలు తిమోతికి చేసిన హెచ్చరికను చూపిస్తారు (1 తిమోతి 4:7). ఆ జాగ్రత్తను నేను తేలిగ్గా తీసుకోను. పిల్లలు దేనిని చూస్తున్నారో కనిపెట్టే తల్లిదండ్రులు ఈ రోజుల్లో ఎంతమంది?

అయితే బైబిల్లోనే చెట్లు కూడి తమకొక రాజును ఎన్నుకోవడానికి బయలుదేరతాయి. ఒలీవ చెట్టు కాదంటుంది, అంజూరపు చెట్టు కాదంటుంది, చివరకు ముళ్లకంప ఒప్పుకుంటుంది (న్యాయాధిపతులు 9:8-15). యోతాము ఆ కథ చెప్పింది షెకెము పెద్దల కళ్లు తెరిపించడానికి. నాతాను ప్రవక్త దావీదు దగ్గరికి వెళ్లి పాపం పేరెత్తలేదు. ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు (2 సమూయేలు 12:1-7). కథ విని కోపంతో ఊగిపోయిన రాజు, ఆ కథలోని మనిషి తానేనని తెలిసి కూలిపోయాడు. ముఖం మీద చెబితే వినని సత్యాన్ని కథ పెరటి దారిన లోపలికి తీసుకెళ్తుంది. పిల్లల విషయంలోనూ, పెద్దల విషయంలోనూ ఇది నిజమే.

లూయిస్ తన పుస్తకాన్ని ఉపమానం అనడానికి ఇష్టపడలేదు. ఇది ఒక ఊహ అన్నాడు. నార్నియా లాంటి లోకం ఒకటి ఉండి, అదీ పాపంలో పడితే, దేవుని కుమారుడు అక్కడికి ఏ రూపంలో వచ్చి ఏం చేసి ఉండేవాడన్నదే ఆ ఊహ. అస్లాన్ అన్న పేరుకు తురుష్క భాషలో సింహమనే అర్థం. యూదా గోత్రపు సింహం (ప్రకటన 5:5) ఎరిగిన వారికి అంతకు మించి చెప్పనక్కరలేదు.

పత్రం, పూటకాపు

ఎడ్మండ్ నలుగురిలో మూడోవాడు. నార్నియాను తన గుప్పిట్లో పెట్టుకున్న మంత్రగత్తె వాడికి టర్కిష్ డిలైట్ అనే మిఠాయి పెడుతుంది. తిన్నకొద్దీ ఇంకా కావాలనిపించే మిఠాయి అది. నీ అన్ననూ అక్కచెల్లెళ్లనూ తీసుకురా, నిన్ను రాజును చేస్తానంటుంది. వాడు మొదట చెల్లెలి మాట అబద్ధమని బొంకుతాడు. తర్వాత అందరి కన్నుగప్పి మంత్రగత్తె ఇంటికి వెళ్తాడు. అక్కడ దొరికేది ఎండు రొట్టె, నీళ్లు, చేతులకు తాళ్లు.

వాడిని విడిపించి తెచ్చాక మంత్రగత్తె వస్తుంది. ద్రోహి ప్రాణం మీద తనకే హక్కుందని, అది ఆదిలోనే రాతిబల్ల మీద చెక్కి ఉందని అంటుంది. అస్లాన్ ఆ రాతను కాదనడు. చెరిపేయడు. ఆమెతో ఒంటరిగా మాట్లాడి తిరిగొచ్చి, ఆమె ఈ పిల్లవాడి రక్తం మీద హక్కు వదులుకుందని మాత్రం చెబుతాడు. దానికి బదులు ఏమిస్తానన్నాడో ఎవరికీ చెప్పడు. ఆ రాత్రి ఒంటరిగా రాతిబల్ల దగ్గరికి నడిచి వెళ్తాడు.

ఈ కథను ఇంగ్లండ్ పిల్లల కంటే గుంటూరు, ప్రకాశం పల్లెల పిల్లలు బాగా అర్థం చేసుకుంటారని నా నమ్మకం. ఎందుకంటే మనది అప్పు తెలిసిన నేల. విత్తనానికి అప్పు, పురుగుమందుకు అప్పు. కమీషన్ కొట్టులో నోటు రాసిస్తే, పంట అక్కడికే చేరాలి. తెల్లదోమ వచ్చినా, తుపాను వచ్చినా, నోటు మీద అంకె మారదు. మత్తయి సువార్తలో ప్రభువు నేర్పిన ప్రార్థనలో మన తెలుగు బైబిలు ఋణమనే మాటే వాడింది (మత్తయి 6:12). పాపం అంటే తెలియని వాడికి కూడా బాకీ అంటే తెలుసు. మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని ప్రభువు సిలువకు మేకులతో కొట్టాడని పౌలు రాశాడు (కొలస్సీ 2:14). పత్రం చించేయలేదు, తీర్చాడు.

ఇంకొక మాట ఉంది. పూటకాపు. ఒకడి అప్పుకు తన ఆస్తి, తన పరువు అడ్డుపెట్టి సంతకం చేసేవాడు. పూటపడవద్దని సామెతల గ్రంథం గట్టిగా హెచ్చరిస్తుంది (సామెతలు 6:1-5). హెబ్రీ పత్రిక మాత్రం యేసు పూటకాపు అయ్యాడంటుంది (హెబ్రీ 7:22). జ్ఞాని చేయవద్దన్న సంతకాన్ని దేవుని కుమారుడు మన కోసం చేశాడు. పూటపడి పొలం పోగొట్టుకున్న వారు ఉన్న ఊళ్లలో ఈ వచనానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

తెర ఏం ఇచ్చింది, ఏం తీసేసింది

ఈ కథ తెర మీదికి చాలాసార్లు వచ్చింది. 1967లో బ్రిటన్‌లో టెలివిజన్ సీరియల్‌గా, 1979లో బొమ్మల చిత్రంగా, 1988లో బి.బి.సి. సీరియల్‌గా వచ్చింది. బి.బి.సి. వారి అస్లాన్ ఇద్దరు మనుషులు లోపల ఉండి కదిలించిన పెద్ద బొమ్మ. 2005 డిసెంబరులో ఆండ్రూ ఆడమ్‌సన్ దర్శకత్వంలో వచ్చిన సినిమాయే మన పిల్లలు ఎక్కువగా ఎరిగినది. ఆ తర్వాత 2008లో 'ప్రిన్స్ కాస్పియన్', 2010లో 'డాన్ ట్రెడర్' వచ్చాయి. 2018లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ ఈ పుస్తకాల హక్కులు పొందింది. అంటే మన మనవళ్లు చూడబోయే నార్నియా వేరుగా ఉంటుంది.

లూయిస్ బతికున్నప్పుడు దీనికి ఇష్టపడలేదు. 1959లో బి.బి.సి.కి చెందిన ఒక నిర్మాతకు రాసిన ఉత్తరంలో, మనిషి సింహం వేషం కట్టి అస్లాన్‌గా కనిపించడం తన దృష్టిలో దైవదూషణతో సమానమన్నాడు. మాట్లాడే జంతువులు పేజీ మీద గంభీరంగా ఉంటాయి, తెర మీద వేషాలుగా మారతాయని ఆయన భయం. 2005 నాటికి కంప్యూటర్ ఆ భయాన్ని చాలావరకు తీర్చింది. ఆ సింహం నడిస్తే నేల మీద బరువు కనిపిస్తుంది. లూయిస్ సవతి కుమారుడు డగ్లస్ గ్రెషమ్ కూడా నిర్మాణంలో పాలుపంచుకున్నాడు.

సినిమా చేసిన మేలు ముందు చెప్పాలి. ఇంగ్లిష్ చదవలేని మన పల్లె పిల్లలకు అదే మొదటి తలుపు. లూసీ కోట్ల మధ్య నుంచి మంచులోకి అడుగుపెట్టే ఘట్టం ఎంత అందంగా తీశారో! రాతిబల్ల దగ్గర అవమానాన్ని కుదించలేదు. జూలు గొరగడం, ఎగతాళి, ఎదురు చెప్పని మౌనం, అన్నీ ఉన్నాయి. ఎడ్మండ్ తిరిగొచ్చిన ఉదయం, అస్లాన్ వాడితో ఒంటరిగా మాట్లాడతాడు. ఏం మాట్లాడాడో పుస్తకం చెప్పదు. సినిమా కూడా వాళ్లిద్దరినీ దూరంగా గట్టు మీద చూపించి ఊరుకుంది. అది మంచి వినయం.

ఇక మార్పులు. సినిమా లండన్ మీద బాంబుల వర్షంతో మొదలవుతుంది. ఎడ్మండ్ తండ్రి ఫొటో కోసం ప్రమాదంలోకి పరుగెత్తుతాడు. పుస్తకంలో అదేమీ లేదు. విమానదాడుల సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది. ఈ మార్పు వల్ల ఎడ్మండ్ మీద జాలి కలుగుతుంది. తండ్రి యుద్ధంలో ఉన్నాడు, అందుకే ఇలా అయ్యాడని అనుకుంటాం. పుస్తకం వాడిని అంత తేలిగ్గా వదలదు. మంత్రగత్తె చెడ్డదని వాడికి లోలోపల తెలుసు, తెలిసే వెళ్లాడంటుంది. పరిస్థితులు పాపాన్ని వివరిస్తాయి, కానీ తీర్చలేవు. వివరణ చాలితే సిలువ ఎందుకు?

రెండోది యుద్ధం. పుస్తకంలో అది కొద్ది పేరాల్లో ముగిసిపోతుంది. ఎక్కువ భాగం తర్వాత పీటర్ నోట వింటాం. సినిమాలో అది చాలాసేపు సాగే పెద్ద సంబరం. ఆ రాత్రి పిల్లలు ఇంటికి వెళ్తూ కర్రలు తిప్పుకుంటూ వెళ్లారు. రాతిబల్ల దగ్గర ఏడ్చిన పిల్లలే యుద్ధం దగ్గర ఆ ఏడుపు మరిచిపోయారు. గెలుపు రాతిబల్ల దగ్గరే జరిగిపోయిందని పుస్తకం గుర్తుచేస్తూ ఉంటుంది. సినిమా చూస్తే గెలుపు కత్తుల దగ్గర జరిగిందనిపిస్తుంది.

మూడోది చిన్నదిగా కనిపిస్తుంది. గాయపడి చావు అంచున ఉన్న ఎడ్మండ్ నోట్లో లూసీ మందు చుక్క వేస్తుంది. పుస్తకంలో ఆమె అన్న ముఖం చూస్తూ అక్కడే ఉండిపోతే, అస్లాన్ మందలిస్తాడు. చుట్టూ ఇంకెందరో పడి ఉన్నారు, ఎడ్మండ్ కోసం ఇంకా ఎంతమంది చావాలని అడుగుతాడు. సినిమాలో ఆ మందలింపు వినిపించదు. మనవాడు బాగుపడితే చాలని కూర్చునే ప్రతి ఇంటికీ, ప్రతి సంఘానికీ ఆ మాట తగులుతుంది.

నాలుగోదే మన పిల్లవాడి ప్రశ్న. సినిమాలో అస్లాన్ చనిపోయిన వార్త ఎడ్మండ్‌కూ పీటర్‌కూ యుద్ధానికి ముందే చేరుతుంది. వార్త తెలిసింది కాబట్టి ఇక ప్రశ్న లేదు. పుస్తకంలో అలా కాదు. యుద్ధం అయిపోయాక లూసీ, సూసన్ చెవిలో అడుగుతుంది. అస్లాన్ తన కోసం ఏం చేశాడో ఎడ్మండ్‌కు తెలుసా అని. సూసన్ తెలియదంటుంది. చెప్పాలి కదా అంటుంది లూసీ. వద్దు, వాడు భరించలేడంటుంది సూసన్. ఎవరో పిలవడంతో మాట అక్కడే ఆగిపోతుంది.

సూసన్ మాటే గుంటూరు జిల్లా పల్లెలో ఆ తల్లి మాట. "తట్టుకోలేడు."

తనంతట తాను ఒలుచుకోలేని తోలు

ఆ ప్రశ్నకు జవాబు మొదటి పుస్తకంలో లేదు. 1952లో వచ్చిన మూడో పుస్తకం 'ద వాయేజ్ ఆఫ్ ద డాన్ ట్రెడర్'లో ఉంది. ఎడ్మండ్‌కు వరసకు తమ్ముడయ్యే యూస్టస్ అనే పిల్లవాడు దురాశతో డ్రాగన్‌గా మారిపోతాడు. తన తోలు తానే మూడుసార్లు ఒలుచుకుంటాడు. ఒలిచినప్పుడల్లా కింద మరో తోలు. చివరకు అస్లాన్ గోళ్లకు తనను అప్పగించుకుంటాడు. ఆ గోరు గుండె దాకా దిగినట్టు నొప్పి. తర్వాత నీళ్లలో స్నానం, మళ్లీ మనిషి.

మిరపకాయలు కోసిన చేతుల మంట ఎలా ఉంటుందో మన అమ్మలకు తెలుసు. ఎన్ని నీళ్లతో కడిగినా, ఎంత రుద్దినా, మరింత పాకుతుంది. పాపం అలాంటిదని లూయిస్ ఎరుగుదును. 2010 సినిమాలో ఈ ఘట్టం చాలా కురచ. సింహం దూరం నుంచే ఇసుకను గీరుతుంది, పిల్లవాడు మారిపోతాడు. మూడుసార్లు ప్రయత్నించి ఓడిపోవడమన్నది పోయింది. మనిషి తనను తాను బాగుచేసుకోలేడన్న పాఠం దానితోనే పోయింది. ఆ చోటును పచ్చటి పొగమంచు, ఏడు కత్తుల వెతుకులాట ఆక్రమించాయి.

పుస్తకంలో, మారిన యూస్టస్ తెల్లవారుజామున ముందుగా ఎదుర్కొన్నది ఎడ్మండ్‌నే. సిగ్గుతో తన కథ చెప్పి క్షమాపణ అడిగితే, ఎడ్మండ్ తాను అంతకంటే పెద్ద ద్రోహినని ఒప్పుకుంటాడు. అస్లాన్‌ను నువ్వెరుగుదువా అంటే, ఆయనే తనను ఎరుగునని, తనను రక్షించింది ఆయనేనని చెబుతాడు.

అంటే వాడికి తెలుసు! ఎవరు చెప్పారో పుస్తకం చెప్పదు. లూసీయే చెప్పి ఉంటుందని నా ఊహ. తెలిసి కుంగిపోయాడా? లేదు. న్యాయవంతుడైన రాజన్న పేరు తెచ్చుకున్నాడు. తర్వాత వచ్చిన ఒక పుస్తకంలో శత్రువు ఒకడు చేతికి చిక్కినప్పుడు, ద్రోహి కూడా మారగలడని వాడి తరఫున మాట్లాడతాడు. తనకోసం చెల్లిన వెల తెలిసినవాడే పక్కవాడి సిగ్గును మోయగలడు. సూసన్ భయపడినట్టు ఆ సత్యం వాడిని విరగ్గొట్టలేదు, నిలబెట్టింది.

చూడటం, వినడం

మనకూ ఒక పెద్ద సినిమా ఉంది. 1978లో ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వంలో విజయచందర్ యేసుగా నటించిన 'కరుణామయుడు'. హిందీలో అది 'దయాసాగర్' అయింది. ప్రొజెక్టరు వ్యాను మీద ఊరూరా తిరిగింది. చర్చి గడప తొక్కని వారు కూడా వీధిలో చాపలు పరుచుకుని చూసి కన్నీరు పెట్టారు. దేవుడు ఆ సినిమాను వాడుకున్నాడనడంలో నాకు సందేహం లేదు. కానీ ఒక నష్టం కూడా జరిగింది. కళ్లు మూసుకుని ప్రార్థిస్తే చాలామందికి ఆ నటుని ముఖమే కనిపించేది. నలుగురు సువార్తికులూ ప్రభువు ముఖం ఎలా ఉండేదో ఒక్క మాట రాయలేదు. ఆయన మాటలు మాత్రం పుటలకొద్దీ రాశారు. విశ్వాసం వినడం వల్ల కలుగుతుందని పౌలు అన్నది ఊరికే కాదు (రోమా 10:17).

ఈ నేల మీద సువార్త విని పాకిందే. 1842లో హయ్యర్ గుంటూరు వచ్చినప్పుడు తెరలు లేవు. 1866లో క్లౌ ఒంగోలు చేరినప్పుడు, తాళ్లకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద తిరుగుతూ, కలిసిన వారికల్లా తాను విన్నది చెప్పాడు. చదువు అందని మాదిగ పల్లెలు రాత్రిపూట దీపం చుట్టూ కూర్చుని విన్నాయి. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చాడు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని, ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఊరి పెద్దల కోపం, పని పోవడం, వెలివేత వారికి తెలియనివి కావు.

ఆ 2,222 మంది మునిమనవళ్లు ఇప్పుడు మన సంఘాల్లో కూర్చుంటున్నారు. వారికి తెలుసా? జూబిలీ రోజున ఫ్లెక్సీ మీద అంకె చూస్తారు. ఆ అంకె వెనక తమ ముత్తాత ఏం పోగొట్టుకున్నాడో ఎవరైనా చెప్పారా? నాయనమ్మ చెప్పేది. ఇప్పుడు నాయనమ్మ చేతిలోనూ ఫోను ఉంది.

తల్లిదండ్రులకు, సండే స్కూలు ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. సినిమా చూపించండి, తప్పు లేదు. కానీ అక్కడితో ఆపకండి. ఆ రాత్రి మైకు పట్టుకుని కథ చెప్పిన టీచరమ్మ లేకపోతే ఆ పిల్లవాడికి ప్రశ్నే పుట్టేది కాదు. చూసిన మర్నాడు పిల్లల్ని కూర్చోబెట్టి, పుస్తకం తెలిసినవారు పుస్తకంలో ఉన్నది తెలుగులో చెప్పండి. ఒక్క అధ్యాయం చాలు. ఎవరు నచ్చారని కాక, ఎవరి అప్పు ఎవరు తీర్చారని అడగండి. ఆ తర్వాత సువార్త తెరిచి అసలు సంగతి చదవండి. నార్నియా నీడ మాత్రమే, రూపం అక్కడుంది. ఆఖరున వారి ఇంటి కథ, వారి సంఘం కథ చెప్పండి.

చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. "నీ కోసం ఇంత చేశాం" అని ఎత్తిపొడుపుగా చెబితే అది కొత్త అప్పు అవుతుంది. పిల్లవాడు జీవితాంతం వడ్డీ కడుతూనే ఉంటాడు. తప్పిపోయిన కుమారుడి తండ్రి లెక్క చెప్పలేదు, ఎదురు పరుగెత్తాడు (లూకా 15:20). అలాగని దాచితే కొడుకు మిరపకు మంచి రేటు పలికిందనుకుంటాడు. కృపను అదృష్టం అనుకుంటాడు. మన సంఘాల్లో ఎంతమంది పిల్లలు రక్షణను అలా అనుకోవడం లేదు? ఉచితంగా వచ్చింది కాబట్టి వెల లేనిదనుకుంటున్నారు.

తర్వాత క్రిస్మస్‌కు ముందు మళ్లీ ఆ ఊరు వెళ్లాను. చేలల్లో పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. ఆ పిల్లవాడిని పిలిచి చెప్పాను.

"ఎడ్మండ్‌కు తెలుసురా. మూడో పుస్తకంలో తన నోటితోనే చెబుతాడు."

"ఎవరు చెప్పారు?" మళ్లీ అదే ప్రశ్న.

"రాయలేదు. చెల్లెలే చెప్పి ఉంటుంది."

వాడు కాసేపు ఆలోచించాడు. "అయితే నేను చెప్పొచ్చా?"

"ముందు అమ్మానాన్నలతో మాట్లాడదాం" అన్నాను. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాం. తల్లి చాలాసేపు ఏడ్చింది. తండ్రి ఏమీ అనలేదు. పండక్కి పెద్దవాడు వచ్చాక తానే చెబుతానన్నాడు. పండగ మర్నాడు తండ్రీ కొడుకులిద్దరూ అమ్మేసిన ఆ అరెకరం గట్టు మీద చాలాసేపు కూర్చున్నారని విన్నాను. ఏం మాట్లాడుకున్నారో ఎవరూ వినలేదు. మనమూ అడగనక్కర్లేదు.

మన ఇళ్లలో ఎడ్మండ్‌లు ఉన్నారు. మనమూ ఒకప్పుడు ఎడ్మండ్‌లమే. మన పత్రం మీద సంతకం చేసిన పూటకాపు పేరు మన పిల్లలకు తెలుసా? తెలియకపోతే, చెప్పవలసిన లూసీ ఎవరు?